కథ అందరికీ తెలిసిందే, కాపీ సంగతి చెప్పండి

ప్రశ్న: మాది రాజమండ్రి. బ్యాంకులో పని చేస్తాను. రాత్రి పిల్లలు పడుకున్నాక సినిమాలు, సిరీస్‌లు, కచేరీ రికార్డింగులు చూసి వాటి మీద రాయడం అలవాటైంది. మా మామగారి దగ్గర ట్రంకుపెట్టె నిండా పాత సినిమాల వీసీడీలు, డీవీడీలు ఉన్నాయి, అవి కూడా చూస్తుంటాను. నేను రాసింది చదివి మా తమ్ముడు "అరవై ఏళ్ళ నాటి సినిమాకి ఇప్పుడు రివ్యూ ఏంటక్కా, కథ తెలియనివాళ్ళు ఎవరున్నారు" అంటున్నాడు. సిరీస్ అయితే ఆఖరి ఎపిసోడ్ దాకా చూడకుండా రాయకూడదా? నేను సంగీతం నేర్చుకోలేదు, కచేరీల మీద రాయొచ్చా? ఈ మధ్య ఒక సంస్థవాళ్ళు ఏడాది చందా ఉచితంగా ఇస్తాం, మా దాంట్లో వచ్చేవాటి మీద రాయండి అన్నారు. ఒప్పుకోమంటారా?

సమాధానం: మీ తమ్ముడు అడిగింది న్యాయమైన ప్రశ్నే, కాకపోతే దానికి జవాబు రాయడం మానెయ్యడం కాదు, రాసే విషయం మార్చుకోవడం. పాత సినిమా కథ బాగుందా, ఎన్టీఆర్ బాగా చేశాడా అన్నది విడుదలైన ఏడాదే పత్రికలవాళ్ళు రాసేశారు, జనం తేల్చేశారు. ఇవాళ ఇంట్లో కూర్చుని చూడబోయే మనిషికి కావలసింది వేరు. అదే సినిమా టీవీ చానల్లో ఒకలా వస్తుంది, యూట్యూబ్‌లో మూడు నాలుగు కాపీలు ఉంటాయి, ఓటీటీలో ఇంకోటి, మీ మామగారి పెట్టెలో మరోటి. మూడు గంటలు కేటాయించి చూడాలంటే ఇందులో ఏది చూడాలి? ఈ మాట చెప్పేవాళ్ళు తెలుగులో చాలా తక్కువ. శుక్రవారం కొత్త సినిమా మీద మధ్యాహ్నానికల్లా రాసేవాళ్ళు వేలల్లో ఉన్నారు, పాత సినిమా ఏ కాపీలో బతికుందో చెప్పేవాళ్ళు కావాలి. పదేళ్ళ పిల్లకి మొదటిసారి ఒక పాత సినిమా చూపిస్తే, ఆ రోజు అమ్మానాన్నల చేతికి ఏ కాపీ దొరికిందో ఆ పిల్లకి సినిమా అంటే అదే. తలలు తెగిపోయి, పాటలు మాయమై, బొమ్మ అలుక్కుపోయిన కాపీ దొరికితే "పాత సినిమాలు ఇంతే" అనుకుని లేచి వెళ్ళిపోతుంది, మళ్ళీ కూర్చోదు. నాకు దీని మీద పట్టుదల ఎందుకంటే కారణం అదే.

మాయాబజార్ సంగతే తీసుకోండి. 1957లో వచ్చింది నలుపు తెలుపు సినిమా, అప్పటి తెర కొలత ప్రకారం వెడల్పు 1.37 అయితే ఎత్తు 1, అంటే దాదాపు చదరంగా ఉండే బొమ్మ. 2010లో రంగులద్ది, 2.35 వెడల్పు ఉన్న స్కోప్ తెరకు సరిపోయేలా మార్చి, ధ్వని కూడా కొత్తగా చేసి థియేటర్లలో విడుదల చేశారు. చదరానికి దగ్గరగా ఉన్న బొమ్మని అంత వెడల్పు చట్రం నిండా కూర్చోబెట్టాలంటే పైనా కిందా కొయ్యాలి, లేదా సాగదీయాలి, మూడో దారి లేదు. రంగుల్లో చూసి మురిసిపోయినవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళని నేనేమీ అనను. కానీ ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే వెన్నెలని, నీడల్ని నలుపు తెలుపుల్లో లెక్కగట్టుకుని తీసిన సినిమా అది, ఆయన పెట్టిన చట్రంలో, ఆయన పెట్టిన వెలుగులో చూడాలంటే నలుపు తెలుపు కాపీనే చూడాలి. మీ రివ్యూలో మొదటి వాక్యం "నేను చూసింది ఫలానా కాపీ" అని ఉంటే చదివేవాళ్ళకి సగం పని అయిపోయినట్టే.

చట్రం సరిగ్గా ఉందో లేదో పట్టుకోవడం కష్టమేం కాదు. టైటిల్స్ దగ్గర ఆపి చూడండి. పేర్లు తెర అంచుకి ఆనుకుని ఉన్నా, చివరి అక్షరం తెగినా కోత పడిందన్నమాట. తర్వాత ఏదైనా డాన్సు పాట పెట్టండి. నృత్యదర్శకుడు పాదాలు కనిపించాలనే తీయిస్తాడు, పాదాలు తెర కింద మునిగిపోతే పాత చదరపు బొమ్మని ఇప్పటి టీవీకి నింపడానికి కోశారని అర్థం. ఆ కోతలో ఎత్తులో పావు వంతు పోతుంది. స్కోప్ సినిమాకి ఇదే తిరగబడుతుంది. తెలుగులో మొదటి సినిమాస్కోప్ 1974లో వచ్చిన అల్లూరి సీతారామరాజు, ఆ తర్వాత స్కోప్‌లో వచ్చినవాటికి లెక్కలేదు. వాటిని టీవీ తెర నిండేలా చూపిస్తే పక్కల నుంచి దాదాపు పావు వంతు పోతుంది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకునే సీన్లో ఒకరి ముక్కు, ఇంకొకరి భుజం మాత్రమే కనిపిస్తాయి. ఇక సాగదీశారా అన్నది తేల్చడానికి గుండ్రటి వస్తువు వెతకండి: నుదుటి బొట్టు, చందమామ, రథచక్రం. బొట్టు అడ్డంగా సాగి కోలగా కనిపిస్తే అందరి మొహాలూ అలాగే సాగాయన్నమాట, కాకపోతే మొహాలకి మన కళ్ళు పది నిమిషాల్లో అలవాటు పడిపోతాయి, బొట్టు మాత్రం అబద్ధం చెప్పదు. అయితే ముందు మీ టీవీలోనే తెర నింపే జూమ్ ఏదైనా ఆన్ అయి ఉందేమో చూసుకుని తర్వాత కాపీని తప్పు పట్టండి.

నిడివి విషయంలో మీ బ్యాంకు బుర్ర పనికొస్తుంది. పాత సినిమా మొదట్లో చూపించే సెన్సార్ సర్టిఫికెట్ మీద నిడివి మీటర్లలో ఉంటుంది, ఇంకా పాతవాటికి అడుగుల్లో. 35 ఎంఎం ఫిల్ము సెకనుకి 24 ఫ్రేముల చొప్పున నిమిషానికి 90 అడుగులు, అంటే 27.4 మీటర్లు నడుస్తుంది. సర్టిఫికెట్ మీద 4,500 మీటర్లని ఉంటే సినిమా సుమారు 164 నిమిషాలు ఉండాలి. మీ చేతిలో డిస్కు 157 నిమిషాలే చూపిస్తోందనుకోండి, కంగారుపడి "ఏడు నిమిషాలు కోసేశారు" అని రాసెయ్యకండి. మన దేశంలో టీవీ, కొన్ని డీవీడీలు పాల్ పద్ధతిలో సెకనుకి 25 ఫ్రేములు నడిచేవి కాబట్టి 24 ఫ్రేముల సినిమాని చాలాసార్లు 25కి పరుగెత్తించేవాళ్ళు. అలా చేస్తే 164 నిమిషాల సినిమా దాదాపు 157న్నర నిమిషాల్లో అయిపోతుంది, ఒక్క ఫ్రేము కూడా పోకుండానే. అదే 140 నిమిషాలే ఉంటే మాత్రం నిజంగా కోశారు, ఏం కోశారో కూర్చుని వెతకాలి. పాటల జాబితా పక్కన పెట్టుకుంటే సగం దొరుకుతాయి, ఎందుకంటే కత్తెర ముందు పడేది పాటల మీద, హాస్యం ట్రాకు మీద. ఒక జాగ్రత్త, మళ్ళీ విడుదల చేసినప్పుడు కుదించి తీసుకున్న సర్టిఫికెట్ అయితే దాని మీద నిడివి కూడా కుదించినదే ఉంటుంది, తేదీ చూసుకోండి.

అలా పరుగెత్తించినప్పుడు కాలం ఒక్కటే కాదు, శ్రుతి కూడా మారుతుంది. సరిచేయకుండా వదిలేస్తే హార్మోనియం మీద పక్కపక్క మెట్ల మధ్య ఉండే దూరంలో సుమారు డెబ్బై శాతం పైకి జరుగుతుంది. ఘంటసాల గొంతు కొంచెం పలచబడినట్టు, సుశీల గొంతు మరీ చిన్నపిల్ల గొంతులా అనిపిస్తే మీ చెవి తప్పు కాదు. ఫోన్లో ట్యూనర్ యాప్ పెట్టి, అదే పాట ఆడియో పక్కన వినిపించి చూడండి, తేడా తేలిపోతుంది. ఇది రాసేవాళ్ళు లేరు కాబట్టి చాలామంది ఆ డీవీడీ గొంతునే అసలు గొంతు అనుకుంటున్నారు.

అందుకే మామగారి పెట్టె మీకు పెద్ద ఆస్తి అంటున్నాను. వీసీడీ బొమ్మ 352 చుక్కల వెడల్పు, 288 ఎత్తు మాత్రమే, ఇప్పటి పెద్ద టీవీల మీద చూడబుద్ధి కాదు, నిజమే. కానీ అది ఇరవై ఏళ్ళ క్రితం ఏ ప్రింటులో ఏం ఉండేదో చెప్పే సాక్ష్యం. ఇప్పుడు ఓటీటీలో దొరికే కాపీలో లేని పాటో, సీనో ఆ వీసీడీలో ఉండొచ్చు. రెండూ పక్కపక్కన పెట్టి చూసి రాయండి. "ఓటీటీలో బొమ్మ మేలు, కానీ రెండో సగంలో ఫలానా పాట లేదు, వీసీడీలో ఉంది" అనే ఒక్క వాక్యం కోసం మీ వ్యాసం వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు ఉంటారు.

బొమ్మ నాణ్యత గురించి రాసేటప్పుడు 4కె అన్న ముద్ర చూసి మోసపోకండి. 4కె అంటే 3840 చుక్కల వెడల్పు, 2160 ఎత్తు, అంతే, ఆ చుక్కల్లో ఏం నింపారన్నది వేరే సంగతి. నెగటివ్ నుంచో మంచి ప్రింటు నుంచో కొత్తగా స్కాన్ చేసి ఉంటే చీర నేత కనిపిస్తుంది, దగ్గరి షాట్‌లో కాటుక గీత కనిపిస్తుంది, బొమ్మంతా సన్నటి రవ్వలాంటి కదలిక ఉంటుంది. ఆ కదలిక లోపం కాదు, అది ఫిల్ము స్వభావం. పాత టీవీ టేపు తీసుకుని సాఫ్ట్‌వేర్‌తో పెంచినదైతే ఆ రవ్వ పోతుంది, దాంతోపాటు చర్మం మీది గీతలు, వెంట్రుకల పాయలు కూడా పోతాయి, వెనక గుంపులో నిలబడినవాళ్ళ కళ్ళు వంకర తిరుగుతాయి. నేనైతే గుంపు సీన్ దగ్గర ఆపి వెనక వరసలోని మొహాలు చూస్తాను, ముందున్న హీరోయిన్ మొహం కంటే అవే నిజం చెబుతాయి. పాత రంగుల సినిమాల్లో ఇంకో జబ్బు ఉంది. ఆ కాలపు కలర్ ఫిల్ములో నీలి, ఆకుపచ్చ ఛాయల రంగు ముందు వెలిసిపోతుంది, మిగిలేది గులాబీ ఛాయ. తెలుగులో పూర్తి రంగుల సినిమాలు 1963లో లవకుశతో మొదలయ్యాయి, ఆనాటి నుంచి ఎనభైల దాకా వచ్చిన వాటిలో ఆకాశం గులాబీగా, ఆకులు గోధుమరంగుగా కనిపిస్తే అది కెమెరామన్ చేసింది కాదు, ప్రింటు వెలిసిపోయి సరిదిద్దలేదని రాయండి.

ధ్వని దగ్గర ఒకటే మాట గట్టిగా చెబుతాను. పాత సినిమాలకు ఉన్నది మోనో, తెర వెనక నుంచి ఒకే దారిలో వచ్చే శబ్దం. దాన్ని 5.1, అంటే చుట్టూ ఆరు స్పీకర్ల ధ్వని, చేశామని అట్ట మీద రాసి, మాటలకు ప్రతిధ్వని తగిలించి, వెనక స్పీకర్లలోకి పాటని నెట్టేసిన కాపీలు బోలెడన్ని ఉన్నాయి. గుసగుసగా చెప్పిన డైలాగు బావిలోంచి వచ్చినట్టు వినిపిస్తే ఎంత 5.1 అయినా దండగే. మోనో ట్రాకు కూడా విడిగా ఇచ్చి ఉంటే ఆ ప్రచురణకర్తని పేరు పెట్టి మెచ్చుకోండి, వాళ్ళకి తెలియాలి ఎవరో పట్టించుకుంటున్నారని. దీనికి ఎదురు ఉదాహరణ 1986లో వచ్చిన సింహాసనం, తెలుగులో మొదటి 70 ఎంఎం సినిమా, ఆరు ట్రాకుల ధ్వనితో వచ్చింది. అలాంటి సినిమా ఇంటికి మోనోలో వస్తే నష్టపోయింది ఏమిటో చెప్పాల్సిన బాధ్యత రివ్యూ రాసేవాళ్ళదే.

ఇవన్నీ తేల్చాలంటే ముందు మీ హాల్లో టీవీ సరిగ్గా ఉండాలి. షోరూంలో మెరవడానికి పెట్టిన వివిడ్ మోడ్ తీసేసి సినిమా మోడ్ పెట్టండి, 2019 తర్వాత వచ్చిన కొన్ని టీవీల్లో ఫిల్మ్‌మేకర్ మోడ్ అనే పేరుతోనే ఉంటుంది. కదలికని నునుపు చేసే సెట్టింగ్ కట్టెయ్యండి, అది ఉంటే ఏ సినిమా అయినా సీరియల్లా కనిపిస్తుంది. 2018లో టామ్ క్రూజ్ తన దర్శకుడితో కలిసి వీడియో చేసి మరీ దీన్ని ఆపెయ్యమని జనాన్ని బతిమాలాడు. పెదాలకి మాటకి పొంతన లేదనిపిస్తే బ్లూటూత్ స్పీకర్ తీసేసి టీవీ స్పీకర్‌తో ఒకసారి చూడండి, చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది. వ్యాసం చివర మీ టీవీ ఎన్ని అంగుళాలో, సౌండ్ దేంట్లో విన్నారో ఒక లైను రాస్తే చదివేవాళ్ళు తమ ఇంటితో పోల్చుకుంటారు. ఖరీదైన సెట్టు లేదని టెన్షన్ పడకండి, తెలుగు ఇళ్ళలో చాలావాటిలో మీలాంటి టీవీనే ఉంటుంది, మీకు కనిపించిందే వాళ్ళకీ కనిపిస్తుంది.

మరి సినిమా గురించి అసలు రాయొద్దా అంటే, తప్పకుండా రాయండి, కానీ కాపీ మీద తీర్పునీ సినిమా మీద తీర్పునీ ఒకే గంపలో కలపొద్దు. గొప్ప సినిమాకి దరిద్రపు కాపీ ఉంటుంది, మామూలు సినిమా మెరిసిపోతూ దొరుకుతుంది. రెంటికీ కలిపి మూడు నక్షత్రాలు ఇస్తే చదివినవాళ్ళకి ఏమీ అర్థం కాదు. అసలు నక్షత్రాలే వద్దంటాను నేను. ఇంట్లో చూడడంలో మనకో సౌకర్యం ఉంది, ఆపొచ్చు, వెనక్కి వెళ్ళొచ్చు. థియేటర్లో చూసి రాసినవాళ్ళకి దొరకనిది అదే. ఒక సీను నాలుగుసార్లు చూసి, నటుడు మాట అనకముందు ఏం చేశాడో, కెమెరా ఎప్పుడు కదిలిందో రాయండి. కథ చెప్పకండి, మీ తమ్ముడన్నట్టు అది అందరికీ తెలుసు.

సిరీస్ సంగతి. అన్నీ చూడకుండా రాయొచ్చు, ఎన్ని చూశారో పైనే చెబితే. ఎనిమిదింటిలో మూడు చూసి "మూడు ఎపిసోడ్ల తర్వాత" అని రాస్తే అది నిజాయితీ. కానీ చూడొచ్చా వద్దా అన్న చివరి తీర్పు ఆఖరి ఎపిసోడ్ తర్వాతే. సిరీస్ మొదట్లో ముడులు వేస్తుంది, ఆ ముడులు విప్పిందా గాలికొదిలేసిందా అన్నది చివరే తెలుస్తుంది, ఏడెనిమిది గంటలు పెట్టబోయేవాళ్ళకి కావలసింది ఆ సంగతే. ఇళ్ళల్లో ఇంకో అవసరం ఉంది, అది మనవాళ్ళు రాయరు. 2021 నిబంధనల ప్రకారం ఓటీటీలవాళ్ళు యూ, యూ/ఏ 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్, ఏ అని వయసు చూపించాలి. చూపిస్తున్నారు, కానీ 16 ప్లస్ అన్నంత మాత్రాన అత్తగారూ మామగారూ కూర్చున్న హాల్లో పెట్టొచ్చో లేదో తెలియదు. ఎన్నో ఎపిసోడ్లో రిమోట్ వెతుక్కోవాల్సి వస్తుందో కథ బయటపెట్టకుండా చెప్పండి, దండం పెడతారు.

డబ్బింగ్ ఉంటే ఒక ఎపిసోడ్ తెలుగు ఆడియోలో, తెలుగు సబ్‌టైటిల్స్ ఆన్ చేసి చూడండి. మాట ఒకటి, రాత ఇంకొకటి అయితే సబ్‌టైటిల్స్ తెలుగు డైలాగుల నుంచి కాక వేరే భాష స్క్రిప్టు నుంచి చేశారని తెలిసిపోతుంది. వినికిడి తగ్గిన పెద్దవాళ్ళు ఆ రాత మీదే ఆధారపడి చూస్తారు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. అలాగే చీకటి సీన్లు. 2019లో గేమ్ ఆఫ్ థ్రోన్స్ చివరి సీజన్ మూడో ఎపిసోడ్, రాత్రి యుద్ధం, ప్రపంచమంతా "ఏమీ కనపడలేదు" అని గొడవ చేసింది, ఛాయాగ్రాహకుడు ఫేబియన్ వాగ్నర్ మీ టీవీ సెట్టింగులు సరిగ్గా లేవన్నాడు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది, పైగా ఇంటర్నెట్ మీద వచ్చే బొమ్మని కుదించినప్పుడు ముందు చెడేది చీకటే, నల్లటి గోడ మీద మెట్లు మెట్లుగా మరకలు తేలతాయి. మీ నెట్ స్పీడు ఎంతో చూసుకుని, లైట్లు ఆర్పి ఒకసారి, వెలిగించి ఒకసారి చూసి రాయండి. పగటిపూట కిటికీ పక్కన టీవీ ఉన్న ఇల్లు మనకి ఎక్కువ.

ఇక కచేరీలు. సంగీతం నేర్చుకోలేదు, రాయొచ్చా అన్నారు. రాయాలి. రాగం పేరు ఖాయంగా తెలియకపోతే రాయకండి, కళాకారుల పాండిత్యానికి మార్కులు వేయకండి, అంతవరకే హద్దు. రికార్డింగ్ ఎలా ఉందన్నది చెప్పడానికి కావలసింది చెవి, కన్ను, ఓపిక. పైగా మీ దగ్గర ఇంకొకటి ఉంది, అది చెన్నైలో కూర్చుని రాసే చాలామంది దగ్గర లేదు: మీకు తెలుగు వచ్చు. పుష్య బహుళ పంచమి నాడు తిరువయ్యారులో కావేరి ఒడ్డున పంచరత్నాలు గోష్ఠిగా పాడతారు కదా, నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ, ఈ ఐదు రాగాల్లోవీ త్యాగయ్య కృతులే, నాటలోది సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగే. ఆ ప్రసారం చూస్తూ సాహిత్యం కాగితం మీద పెట్టుకుని వినండి. ఏ చరణంలో మాట విడిగా తెలిసింది, ఎక్కడ పదం మధ్యలో విరిగి అర్థం మారిపోయింది, మైకు దగ్గర కూర్చున్న నలుగురి గొంతే వచ్చి మిగతా గోష్ఠి ఎక్కడ వెనకపడింది, ఇవన్నీ మీరు రాయగలరు. తెలుగు శ్రోతకి కావలసిన రివ్యూ ఇదే, దీన్ని స్వరం తెలిసిన పండితుడి కంటే మాట తెలిసిన మనిషి బాగా రాస్తారు.

కచేరీ వీడియోలో నేను ముందు చూసేది తని ఆవర్తనం. గాయకులు ఆగి మృదంగం, ఘటం వాళ్ళకి వదిలేసిన ఆ పది పదిహేను నిమిషాల్లో కెమెరా ఎటు తిరుగుతుందో చూడండి. బాధ్యత తెలిసిన బృందమైతే మృదంగం మీద రెండు చేతులూ, పక్కన తాళం వేస్తున్న గాయకుల చెయ్యీ ఒకే చట్రంలో ఉంచుతారు, అప్పుడు లెక్క తెలియనివాళ్ళకి కూడా ముక్తాయింపు, అంటే చివరి లయ ముక్క, ఎక్కడ సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకి, వచ్చి పడిందో కంటికి తెలుస్తుంది, ఒళ్ళు పులకరిస్తుంది. బాధ్యత లేనివాళ్ళు సరిగ్గా ఆ క్షణానికి మొదటి వరసలో పట్టుచీరల మీదికో, వేదిక వెనక పూలదండల మీదికో పోతారు. ఇది కోపం తెప్పించే విషయం, కోపంగానే రాయండి. తర్వాత ఆలాపన దగ్గర వయొలిన్ చూడండి, గాయకులు పాడిన రాగపు పలుకు వెనకే కమాను కదులుతుంటే ఆ చెయ్యి చూపించారా, ఎంతసేపు.

చెవితో పట్టాల్సినవి కొన్ని. తంబూర వినిపిస్తోందా, లేక గొంతు ఆగినప్పుడు నిశ్శబ్దం పడుతోందా. మృదంగం ఎడమవైపు మంద్రనాదం వస్తోందా, ఇది ఫోన్ స్పీకర్లో ఎలాగూ రాదు కాబట్టి హెడ్‌ఫోన్ పెట్టుకుని వినాలి. ఘటం మృదంగంలో కలిసిపోయిందా విడిగా ఉందా. నెమ్మదిగా మొదలైన రాగం తారస్థాయికి వెళ్ళినప్పుడు ధ్వని నిజంగా పెరిగిందా, లేక అంతా ఒకే ఎత్తులో నొక్కేశారా. నొక్కేసిన రికార్డింగ్ కారులో వినడానికి హాయిగా ఉంటుంది, ఇంట్లో కూర్చుని వింటే అరగంటకి తల బరువెక్కుతుంది, కారణం తెలియక జనం కచేరీనే తప్పు పడతారు. మృదంగం మీద చెయ్యి పడిన క్షణం, శబ్దం వచ్చిన క్షణం ఒకటేనా చూడండి, సినిమాలో పెదాల పొంతన కంటే ఇక్కడ ఇది ఖచ్చితంగా తేలుతుంది. దూరదర్శన్ కాలపు పాత రికార్డింగులైతే వేగంగా కదిలే చేతుల అంచులు అడ్డగీతలుగా విడిపోతుంటాయి, కంప్యూటర్ కోసం మార్చినప్పుడు సరిగ్గా చేయకపోతే వచ్చే లోపం అది, కొత్తగా మార్చితే పోతుంది. ఆ మాట రాస్తే ఎక్కించినవాళ్ళు మళ్ళీ సరిచేసి ఎక్కించే అవకాశం కూడా ఉంటుంది. సినిమా పాటల కచేరీలకి వేరే ప్రశ్న వేసుకోవాలి: ఇది వేదిక మీద పాడిందేనా, తర్వాత స్టూడియోలో సరిదిద్దిందా. గాయకుడు మైకు పక్కకి తిప్పినా గొంతు తగ్గకపోతే మీకు జవాబు దొరికినట్టే. సరిదిద్దడం నేరం కాదు, కానీ ప్రత్యక్ష కచేరీ అని అమ్మితే కొనేవాళ్ళకి తెలియాలి.

ఉచిత చందా వద్దనండి. ఒక డిస్కు రివ్యూకి పంపడం మామూలే, తీసుకుని "వాళ్ళు పంపారు" అని మొదట్లో రాస్తే సరిపోతుంది. ఉచితంగా తీసుకున్నది దాచకుండా చెప్పాలని ప్రకటనల స్వీయ నియంత్రణ మండలి 2021లోనే నియమం పెట్టింది, 2023లో కేంద్ర వినియోగదారుల శాఖ కూడా అదే చెప్పింది. కానీ ఏడాది చందా, పైగా "మా వాటి మీద రాయండి" అనే షరతుతో అన్నది వేరు. మీరు అబద్ధం రాస్తారని నా భయం కాదు, రాయరు. మీ రాతకి విలువ వచ్చేది నాలుగు చోట్ల ఉన్న కాపీలు పోల్చడంలో. ఒకే దుకాణంలో కూర్చుంటే ఆ పోలిక పోతుంది, మెల్లగా మామగారి పెట్టె తెరవడం మానేస్తారు. నెల చందా సొంతంగా కట్టండి, నెలకొకటి మార్చుకుంటూ పోతే నాలుగైదు నెలల్లో అన్నీ తిరిగి చూడొచ్చు, ఖర్చు కూడా ఒకేసారి మీద పడదు. టెలిగ్రామ్‌లో దొరికే దొంగ కాపీలు మాత్రం ముట్టుకోకండి, మిగతా తప్పులు సరే, మీరు తీర్పు చెప్పే బొమ్మ అసలు అమ్మకానికి పెట్టిన బొమ్మే కాకుండా పోతుంది.

వ్యాసంలో డిస్కు నుంచి ఒకటి రెండు ఫ్రేములు పెట్టడానికి భయపడకండి, 1957 కాపీరైటు చట్టంలోని 52వ సెక్షన్ విమర్శ కోసం, సమీక్ష కోసం న్యాయంగా వాడుకోవడానికి ఒప్పుకుంటుంది. కోత పడిన ఫ్రేము, పడని ఫ్రేము పక్కపక్కన పెడితే మీరు రెండు పేరాల్లో చెప్పేది ఒక్క చూపులో తెలుస్తుంది. పాట మొత్తం ఎక్కించడం మాత్రం సమీక్ష కిందికి రాదు.

ప్రతి వ్యాసం పైన చూసిన తేదీ, చూసిన చోటు, నిడివి రాయండి. ఓటీటీల్లో హక్కులు అయిపోతే సినిమా వెళ్ళిపోతుంది, వేరే సంస్థ దగ్గర వేరే ప్రింటుతో మళ్ళీ వస్తుంది, అదే లింకులో కాపీ మార్చేస్తారు కూడా. ఆర్నెల్లకోసారి పాత వ్యాసాలు తిరగేసి, మారినవాటి కింద "ఇప్పుడు ఫలానా చోట ఇంత నిడివి కాపీ ఉంది" అని ఒక లైను కలపండి. మొదటి వ్యాసానికి మామగారి పెట్టెలోంచి ఓటీటీలోనూ దొరికే సినిమా ఒకటి తీసి, టైటిల్స్, ఒక డాన్సు పాట, ఒక గుంపు సీన్, ఈ మూడూ రెండు కాపీల్లోనూ చూసి రాసి నాకు పంపండి, చదువుతాను.